గట్టిది గట్టిదాన్ని రాసుకున్నట్టు

మా కొచ్కోర్‌లో కార్ల షెడ్డుకి వచ్చేవాళ్ళంతా బైకేలే. బైకే అంటే అన్న. వయసులో కాస్త పెద్దవాడైతే చాలు, నాలుగు చక్రాల బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నా సరే, వాణ్ణి బైకే అనే పిలవాలి. మన దేశం నుంచి వచ్చిన కొత్తల్లో దీనికి నేనొక్కణ్ణే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేనూ బైకేనే. జుట్టులో నలుపు ఎక్కడుందో వెతుక్కునే రోజులొచ్చాయి కాబట్టి ఇంకొన్నాళ్ళకి ఆతానీ అవుతాను. ఆతా అంటే తండ్రి, పెద్దాయన. ఇక్కడ అత్త పోయినా ఆతా ఉంటాడు.

మా ఊరి కోడలు అనిపా. ఆవిడ మామగారు అలా మిగిలిన ఆతా. భార్య పోయింది, అనిపా మొగుడైన చిన్నకొడుకు పోయాడు, ఊపిరితిత్తుల్లో సగం పోయింది. మిగిలిన సగంతో ఆ వేసవంతా ఆయన ఒకటే మాట: "నన్ను జైలోకి తీసుకెళ్ళండి."

నేరం చేసి కాదు. జైలో అంటే కొండల మీద వేసవి మేత. మంచు కరగ్గానే సగం ఊరు గుర్రాల్నీ గొర్రెల్నీ తోలుకుని జైలోకి పోతుంది, చలి మొదలయ్యాక విడుదలై వస్తుంది. నవ్వుతూ వెళ్ళి ఏడుస్తూ తిరిగొచ్చే జైలు ప్రపంచంలో ఇదొక్కటే. ఆయన పెద్దకొడుకు సాగిన్ అక్కడే, సోన్-కోల్ సరస్సు పక్కన, గుర్రాలతో ఉన్నాడు. అక్కడ ఫోను పలకదు. పెద్దాయనకి కావలసిందల్లా ఒక్క రాత్రి తన డేరాలో, తన గుర్రాల వాసన మధ్య పడుకోవడం, తన గుర్రం పాలు పులియబెట్టిన కిమిజ్ ఒక గిన్నెడు తాగడం. రాజధాని బిష్కెక్‌లో డాక్టర్లు ఆయన్ని ఇంటికి పంపిస్తూ అనిపాతో ఏదో చెప్పారు. ఏం చెప్పారో ఆవిడ మాకు చెప్పలేదు. ఆవిడ మొహం చూస్తే చెప్పక్కర్లేకపోయింది కూడా.

మొగుడు పోయినప్పుడు పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తామంటే, "మరి ఈయనకి టీ ఎవరు పెడతారు?" అని అడిగి ఉండిపోయిన మనిషి ఆవిడ. ఆయన్ని పైకి చేర్చే పూచీ తనే నెత్తిన పెట్టుకుంది. చిక్కల్లా ఏమిటంటే, పెద్దాయన ఇంకెవరి కారూ ఎక్కడు.

"నా కొడుకు కొన్న కారుండగా ఊళ్ళోవాళ్ళ కారెందుకు? అది వద్దంటారా, గుర్రం కట్టండి" అనేవాడు.

గుర్రం మీద కూర్చోబెడితే గేటు దాటకుండానే దిగిపోయేలా ఉన్నాడు, గుర్రం మీంచి కాదు, లోకం మీంచి. కాబట్టి కారే గతి. ఆ కారు జపాన్‌లో ఎవరో వాడుకుని వదిలించుకున్న తెల్లకారు. సముద్రం పక్క ఊళ్ళో తిరిగిందేమో, అడుగంతా ఉప్పు తిని తుప్పు కక్కేది. మా సగం ఊరి కార్లన్నీ ఇలాంటివే. వాటిల్లో చచ్చినవాటి అవయవాలు బతికున్నవాటికి అమ్మి నేను బతుకుతున్నాను. నా దుకాణం ఒక పాత సరుకుల పెట్టె, ఓడల మీద వచ్చే రకం. దాన్ని ఆనుకునే మెదెర్ షెడ్డు.

మెదెర్ తోక్మోక్ పట్నం నుంచి వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టి ఎంతోకాలం కాలేదు. మంచి పనివాడు. వాడి పద్ధతేమిటంటే, చక్రం విప్పేముందు మనిషిని విప్పుతాడు. బ్రేకు చప్పుడని ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: ఇసుకా, రాయా, ఇనుమా? ఇసుక రాసుకున్నట్టుంటే దుమ్ము పట్టింది, కడిగి పంపిస్తాడు. రాయి గీరినట్టుంటే చక్రంతో తిరిగే డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య రాయి ఇరుక్కుంది, పీకి పంపిస్తాడు. ఇనుము మీద ఇనుము అన్నారంటే మాత్రం మిగతా పనులన్నీ పక్కన పెట్టేస్తాడు. డిస్కుని నొక్కే ప్యాడు పూర్తిగా అరిగిపోయి దాని వెనకున్న ఇనపరేకు డిస్కుని కోస్తోందని అర్థం. అప్పుడు నాలుగు చక్రాలూ విప్పి, ప్యాడ్లని పట్టుకునే కాలిపర్లన్నీ ఊడదీసి, లోపలి వైపు కూడా చూస్తాడు.

అనిపా మొదటిసారి వచ్చినప్పుడు నేనక్కడే టీ తాగుతున్నాను.

"ఏమైంది ఎజే?" అన్నాడు మెదెర్. ఎజే అంటే అక్క.

"బ్రేకు వేస్తే చప్పుడొస్తోంది తమ్ముడూ. ఇక్కడ రాదు. కనుమ ఎక్కి, అటు సరస్సు వైపు దిగడం మొదలెట్టాక, బ్రేకు వేడెక్కితే వస్తోంది. నిన్న ఆతాని వెనకసీట్లో పడుకోబెట్టి తీసుకెళ్తున్నా. అంత దిగుడు, అన్ని మలుపులు... భయమేసి వెనక్కి తిప్పేశాను."

"ఎలాంటి చప్పుడు? ఇసుకా, రాయా, ఇనుమా?"

అనిపా నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "గట్టిది" అంది.

"గట్టిగానే వస్తుందిలే ఎజే, బ్రేకు గుసగుసలాడుతుందా? దేని చప్పుడూ అంటున్నా."

"అదే చెప్తున్నా. గట్టిది గట్టిదాన్ని రాసుకున్నట్టు."

"ఇసుక కాదు కదా?"

"ఛ, ఇసుక మెత్తన కాదూ?"

"అయితే రాయే" అన్నాడు మెదెర్, జాకీ తోస్తూ. ఆవిడ ఇంకేదో అనబోయింది గానీ వాడు అప్పటికే సగం కారు కింద, సగం బయట ఉన్నాడు.

దొరికింది! ముందు చక్రం డిస్కు వెనక, బఠాణీగింజంత రాయి. మా రోడ్ల మీద తిరిగే ఏ కారు విప్పినా ఒకటి దొరుకుతుందనే సంగతి ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు. "రాయి పోయింది, హాయి వచ్చింది" అని నేనన్నాను. అనిపా నవ్వింది. ఆ నవ్వుకోసమైనా ఇంకో నాలుగు అనేవాణ్ణి, కానీ ఆవిడ తొందరగా వెళ్ళిపోయింది. ఇంట్లో పెద్దాయన బూట్లు తొడుక్కుని కూర్చున్నాడట.

రెండోసారి వచ్చినప్పుడు ఆ బూట్లు కారులోనే ఉన్నాయి, వాటిల్లో పెద్దాయన కూడా. కనుమ దాకా వెళ్ళి, దిగుడులో మళ్ళీ అదే అరుపు విని, తిన్నగా షెడ్డుకే వచ్చేశారు. ఊరంతా ఆయన్ని బోజ్ ఆతా అనేది. బోజ్ అంటే బూడిదరంగు. జీవితమంతా బూడిదరంగు గుర్రం మీద తిరిగాడు కనక ఆ పేరు. అసలు పేరేమిటో నాకు తెలీదు, అడగాలని తోచనూ లేదు.

ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి నన్ను పిలిచాడు. ఇందుస్ అంటే మన దేశంవాడు. "ఒరే ఇందుస్, నీ డబ్బాలో ఊపిరితిత్తులు దొరుకుతాయా?"

"దొరుకుతాయి ఆతా. జపాన్‌వి. కాకపోతే అన్నీ కుడివైపువే."

"ఒకటి చాల్లే. ఎక్కువ దూరం వెళ్ళేది లేదుగా."

అనిపా మొహం పక్కకి తిప్పుకుంది. మెదెర్ గబగబా స్పానరు అందుకున్నాడు.

"ప్యాడు పాడైనట్టుంది" అన్నాడు.

"పాడైంది కాబట్టే పాడుతోంది" అన్నాను.

"నువ్వూరుకో బైకే. ఎజే, మళ్ళీ చెప్పు. ఎలా వస్తోంది చప్పుడు?"

"చెప్పానుగా. గట్టిది."

"ఎంత గట్టిగా?" అని మెదెర్ చేతిలో స్పానరుతో జాకీని ఠంగుమని కొట్టాడు. "ఇంత గట్టిగానా?"

"అదే!" అనిపా చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అదే, అదే గట్టిది! ఇప్పటికి పట్టావు!"

మెదెర్ నా వైపు చూసి, ఈవిడ చెవులు మరీ సున్నితం అన్నట్టు కనుబొమలెగరేశాడు. ముందు చక్రాల ప్యాడ్లు రెండు వైపులా మార్చాడు. ముందు బ్రేకుల మీదే బరువంతా పడుతుంది కనక చప్పుడు అక్కడిదే అయుంటుందని వాడి లెక్క. వెనక చక్రాల్ని విప్పలేదు, టార్చి వేసి సందుల్లోంచి చూశాడు. బయటివైపు ప్యాడు రొట్టెముక్కంత మందంగా కనబడింది. అంత బాగున్నదాన్ని ఎవరు విప్పుతారు?

కారు వెళ్ళేటప్పుడు పెద్దాయన చెయ్యూపాడు. అప్పటికే ఆ చెయ్యి ఎత్తడానికి రెండో చెయ్యి సాయం కావాల్సి వచ్చింది.

మూడోసారి అనిపా ఒక్కతే వచ్చింది. కారు షెడ్డు ముందు ఆగుతుంటేనే విన్నాం. ఇప్పుడు కాస్త వేడెక్కితే చాలు, అరుస్తోంది. కానీ ఈ చదునులో అది కొద్దిసేపే; మెదెర్ వచ్చి పక్కన కూర్చుని షెడ్డు చుట్టూ తిప్పిస్తే చల్లారి నోరు మూసుకుంది. అనిపా దిగి పాత టైరు మీద కూర్చుంది. ఏడవలేదు. తలగుడ్డ విప్పి, మళ్ళీ కట్టుకుని, మళ్ళీ విప్పింది.

"నిన్న కనుమ మీద ఆతా ఏమన్నాడో తెలుసా?" అంది. "'వెనక్కి తిప్పు తల్లీ. నేనెలాగూ పోయేవాణ్ణే. నువ్వూ నాతో వస్తే అక్కడ మావాడు నన్ను తిడతాడు, నా పెళ్ళాన్ని చూసుకోలేకపోయావా అని.' ఇంకొక్కసారి తీసుకెళ్ళగలనేమో మెదెర్. ఆ తరవాత ఇక కూర్చోలేడు."

మెదెర్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "రేపు నేనూ వస్తా" అన్నాడు. "నా చెవులతో నేను వింటా. బైకే, నువ్వూ రా. ఆతాని పట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. అనిపా డ్రైవింగు, పక్కన మెదెర్, వెనక పెద్దాయన నా భుజం మీద వాలి. ఆయన మీద ఒక ఉన్ని దుప్పటి, ఆ దుప్పటి కింద నేను ఊహించినంత మనిషి లేడు. ఎక్కుడంతా ఆయనే మాట్లాడాడు. ఏ వాగు దగ్గర ఎవరి గుర్రం కొట్టుకుపోయిందో, ఏ మలుపులో పెళ్ళికి ముందు భార్యని మొదటిసారి చూశాడో. చూసి ఏమన్నారని అడిగాను.

"ఏమంటాను? నా గుర్రం బాగుందా అని అడిగాను."

"ఆవిడేమంది?"

"గుర్రం బాగుంది అంది. 'గుర్రం' దగ్గర ఒత్తి పలికింది."

కనుమ దాటాం. ఆ రోజు మబ్బు దిగి ఉంది. కింద సరస్సు ఉండాల్సిన చోట తెల్లటి ఉన్ని పరిచినట్టుంది. దిగుడు మొదలైంది. రెండు మలుపులు తిరిగేసరికి బ్రేకు నోరు విప్పింది. ముందు సన్నగా, తరవాత పళ్ళు నూరినట్టు. మెదెర్ కిటికీలోంచి నడుందాకా బయటికి వంగాడు. గాలి, ఇంజను, రాళ్ళు, వాడికి ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు.

"ఎజే, నువ్వు రోజూ వింటున్నదానివి. ఇది నీకేమనిపిస్తోంది? ఇప్పుడైనా సరిగ్గా చెప్పు!"

"గట్టిది! గట్టిది గట్టిదాన్ని..."

"అబ్బ!" మెదెర్ తల లోపలికి లాక్కుని డ్యాష్‌బోర్డు మీద చరిచాడు. "గట్టి, గట్టి, గట్టి! మూడుసార్లుగా ఇదే పాట. గట్టిగా వస్తోందని నాకూ వినిపిస్తోంది. దేంతో చేసింది దేన్ని రాస్తోంది? ఒక్క ముక్క చెప్పలేవా?"

నా భుజం మీద బరువు కదిలింది. పెద్దాయన నవ్వుతున్నాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక ఆయన ముందుకి వంగి మెదెర్ భుజం మీద వేలు పెట్టాడు.

"ఒరే, నా పేరేంటి?"

"బోజ్ ఆతా."

"అది నా గుర్రం రంగురా, గాడిదా. నా పేరు తెమిర్."



తెమిర్ అంటే ఇనుము. మన ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరే, ఇక్కడ అది ఇంకాస్త దూరం వెళ్తుంది. కోడలు మామ పేరు ఎత్తదు, ఆ పేరున్న వస్తువు పేరూ ఎత్తదు. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన రోజు నుంచి అనిపా నోట ఆ మాట రాలేదు. మేకు, పొయ్యిలో కదిపే ఊచ, గుర్రం నాడా, మంచం కాళ్ళు, అన్నీ ఆవిడకి 'గట్టిది'. మొగుడికీ మామకీ అది అలవాటే. "ఆ గట్టిది ఇలా అందుకో" అంటే అందుకునేవాళ్ళు. తను ఒక మాట దాస్తున్నాననే సంగతే ఆవిడకి గుర్తులేదు. 'గట్టి' అనే మాట ఇక్కడి భాషలో కూడా రెండు పనులు చేస్తుంది: ఇనుమూ గట్టిదే, అరుపూ గట్టిదే. ఆవిడ ఇనుమంటే మెదెర్ అరుపని విన్నాడు. తోక్మోక్‌లో మెదెర్ పెళ్ళాం వాళ్ళ మామగారిని పేరుతో పిలిచి పెరుగు కావాలా అని అడుగుతుంది. వాడికెలా తడుతుంది?

"ఎజే..." అన్నాడు మెదెర్, గొంతు సన్నగా. "ఇనుమా?"

అనిపా తలూపింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటిరోజునుంచీ ఇనుమేనా?"

మళ్ళీ తలూపింది.

"అను తల్లీ" అన్నాడు పెద్దాయన. "నేనే అంటున్నానుగా, అను. ఇంకెన్నాళ్ళు దాస్తావు? తెమిర్ అను. నీ నోటంట ఒకసారి వింటాను."

ఆవిడ స్టీరింగు వదలకుండా నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. నాలుక పై పళ్ళ దాకా వెళ్ళినట్టుంది, అక్కడే నిలబడిపోయింది. పేరు అనిపా, ఆయనెంత బతిమాలినా ఆ ఒక్కటీ అనిపించలేకపోయాడు.

"నా వల్ల కాదు ఆతా. మీరు నన్ను క్షమించాలి."

"క్షమించేదేముంది. సరే, నేనే అంటా. విను మెదెర్. తెమిర్ మీద తెమిర్. నన్ను నేనే అరగదీసుకుంటున్నాను."

కారు పక్కకి తీసి, చక్రాల కింద బండలు పెట్టి, మెదెర్ వెనక ఎడమ చక్రం విప్పాడు. కాలిపర్ ఊడి రాలేదు, సుత్తితో కొట్టి లాగాడు. కాలిపర్ అటూ ఇటూ జారాల్సిన పిన్ను సముద్రపు తుప్పుకి బిగుసుకుపోయి ఉంది. బయటి ప్యాడు అసలు పనే చేయలేదు, రొట్టెముక్కలా నిండుగా అలాగే ఉంది. లోపలిది లేదు. దాని వెనక రేకు మిగిలింది, అది కూడా సగం. డిస్కు లోపలి మొహమంతా దున్నిన చేను. మెదెర్ ఆ రేకుని అరచేతిలో పెట్టుకుని కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. దీంతో కింద మలుపుల్లో దిగి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుస్తూనే ఉంది.

గొర్రెల లారీ ఒకటి అటువైపు వెళ్తూ ఆగింది. డ్రైవరు పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుంటానన్నాడు.

"గొర్రెలతో పాటా?" అన్నాడు పెద్దాయన. "దేన్ని కొయ్యాలో సాగిన్‌కి అనుమానమొస్తుంది."

నవ్వాం. నవ్వుతూనే చూశాను, ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. అనిపా కూడా చూసింది. ఆ ఎత్తులో గాలి మాకే చాలడం లేదు. ఆవిడ ఆయన దుప్పటి గడ్డం దాకా లాగి, "ఇంటికి పోదాం ఆతా" అంది.

"సరస్సు అక్కడే ఉందా?" అని అడిగాడు ఆయన, మబ్బు వైపు చూస్తూ.

"ఉంది ఆతా. కిందే."

"ఊఁ" అన్నాడు. చక్రం మళ్ళీ బిగించి కారు వెనక్కి తిప్పాం. అనిపా కనుమ ఇవతల అంతా చిన్న గేర్లోనే, బ్రేకు మీద కాలు పెట్టకుండా, మనిషి నడిచినట్టు దించింది.

మర్నాడు నా పెట్టెలో సామాను మొత్తం బయట పోసి, అదే రకం కారు శవం నుంచి తీసిన కాలిపరూ డిస్కూ వెతికి పట్టాను. మెదెర్ ఈసారి నాలుగు చక్రాలూ విప్పాడు. పిన్నులన్నీ తోమి, గ్రీజు పూసి, కొత్త ప్యాడ్లు వేసి, ఊరి చివర దిబ్బ మీంచి పదేపదే దించి చూశాడు. నేను పక్కన కూర్చున్నాను. బ్రేకు వేస్తే కారు ఆగుతోంది, అంతే. కనీసం ఉష్షుమని కూడా అనడం లేదు. తెమిర్ పని తెమిలింది. ఈ మాట నోటిదాకా వచ్చింది. మెదెర్ మొహం చూసి మింగేశాను.

ఆ మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని వాళ్ళింటికెళ్తే, పెద్దాయన పక్క మీంచి లేవలేదు. ఊరి నర్సు అప్పుడే బయటికొస్తోంది. ఆయన్ని ఇక కదపకూడదనీ, కనుమ దాకా కూడా తట్టుకోలేడనీ గుమ్మంలోనే చెప్పేసి వెళ్ళింది. అనిపా కారు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

లోపల్నుంచి గొంతు వినబడింది. "నేను పోలేకపోతే ఏమైంది, దాన్నే రమ్మనండి."

"ఎవర్ని ఆతా?"

"కిమిజ్‌ని. సాగిన్‌ని కూడా, వాడికి తీరికుంటే."

అనిపా ఆయన దిండు సర్దింది, గిన్నెలో టీ పోసి దగ్గర పెట్టింది. "చీకటి పడకముందే వచ్చేస్తాను. మీరు..." అని ఆగింది.

"ఎక్కడికీ పోనులే. బూట్లు కూడా లేవు కాళ్ళకి."

ఆవిడ ఒక్కతే వెళ్ళింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు వంటింట్లో మాంసం ఉడకేస్తూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆయన నిద్రపోయేవాడు, లేచేవాడు. రోడ్డు మీద ఏది పోయినా కళ్ళు తెరిచేవాడు.

"ఇది లారీ" అనేవాడు. కాసేపాగి, "ఇది ట్రాక్టరు, ఎవడో కొత్తవాడు, క్లచ్చు చంపేస్తున్నాడు."

"మీరు పడుకోండి ఆతా. వస్తే నేను లేపుతా."

"నువ్వు లేపేదేంటి? మనది వస్తే ఊరంతా లేస్తుంది."

ఎండ గోడ మీదకి, గోడ మీంచి వేలాడదీసిన తివాచీ మీదకి జరిగింది. కిమిజ్ గురించి చెప్పాడు. మొదటి గుక్క ముక్కు దాకా ఎక్కాలట, రెండోది మోకాళ్ళలోకి దిగాలట, మూడో గుక్కకి కిమ్మనకుండా కూర్చోవాలట. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి ఊపిరి వెతుక్కునేవాడు. దొరికినప్పుడు మళ్ళీ అందుకునేవాడు. ఒకసారి, చాలాసేపటి తరవాత, "చిన్నవాడు ఆ కారు తెచ్చిన రోజు గుర్రాలు బెదిరి పారిపోయాయి. వాటిని పట్టుకురావడానికి ఆ కారులోనే వెళ్ళాం" అని నవ్వాడు. ఆ నవ్వుకి చప్పుడు రాలేదు.

ఎండ తివాచీ అంచు దాకా పోయిందో లేదో, బయట ఏదో కారు వచ్చి ఆగింది. టైర్ల కింద కంకర మాత్రం నలిగింది.

ఆయన కళ్ళు తెరిచి విన్నాడు. "ఎవరో" అన్నాడు. "మనది కాదు. మనదైతే అరిచేది."

"ఆతా, ఇప్పుడది అరవదు. నిన్న మెదెర్..." అంటూ నేను లేచి కిటికీ తెర తీశాను.

తెల్లకారు. సాగిన్ ఒకవైపునుంచి దిగుతున్నాడు. అనిపా రెండోవైపునుంచి దిగి, పొట్టకి ఆనించుకుని కిమిజ్ ఉన్న తోలుసంచీ దించుతోంది.

"మనదే ఆతా! మనదే వచ్చింది!"

తిరిగి చూస్తే, ఆయన మొహం గోడవైపు వాలి ఉంది. నేను చెయ్యి పట్టుకుని ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి చెప్పాను. చెయ్యి వెచ్చగానే ఉంది, వినే మనిషే లేడు.

అనిపా గిన్నెతో వచ్చింది. వాకిట్లోనే సంచీలోంచి పోసినట్టుంది, అంచుదాకా ఉంది, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుంది. గుమ్మంలో నా మొహం చూసి ఆగింది. వెనక సాగిన్ టోపీ తీసేశాడు.

ఆవిడ వచ్చి పక్క దగ్గర కూర్చుంది. గిన్నె నేల మీద పెట్టింది. ఆయన మొహాన్ని నెమ్మదిగా ఇటు తిప్పి, కళ్ళు మూసింది. తరవాత, ఆయన మొహం మీంచి చూపు తీయకుండానే నన్నడిగింది.

"నేను వచ్చినట్టు ఆయనకి తెలిసిందా?"

అబద్ధం చెప్పడానికి మంచి సమయమే. నా జన్మలో నోటికి అంత అవసరం ఎప్పుడూ పడలేదు. కానీ ఆవిడ ఇంత గడిచినా నోటికి రాని మాటని బలవంతంగా తెప్పించుకోని మనిషి. ఆవిడ ముందు నాకూ నోరు తిరగలేదు.

"కారు ఆగడం విన్నాడమ్మా. ఎవరో అన్నాడు. మనదైతే అరిచేదన్నాడు."

అనిపా తలూపింది. "అవును" అంది. "అరవలేదు. దారంతా ఒక్కసారి కూడా అరవలేదు. ఎంత బాగా చేశాడో మెదెర్." ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుని, రెండు చేతులూ నడుముకి ఆనించుకుని, వాళ్ళ ఆడవాళ్ళు పాడే ఏడుపుపాట ఎత్తుకుంది. వంటింట్లో ఆడవాళ్ళు వచ్చి అటూ ఇటూ కూర్చుని అందుకున్నారు. ఆ పాటలో మామని కొండన్నారు, నీడన్నారు, మంద ముందు నడిచే బూడిదగుర్రమన్నారు.

సాగిన్ ఆ కిమిజ్ గిన్నె ఎత్తి నాకందించాడు. పారబొయ్యకూడదు. ఒక గుక్క తాగి పక్కవాళ్ళకిచ్చాను. ముక్కు దాకా ఎక్కింది.

కబురు షెడ్డు దాకా వెళ్ళినట్టుంది. బయట గేటు దగ్గర్నుంచి ఒక మగగొంతు పరిగెత్తుకుంటూ వచ్చింది: "బోరుమ్! ఓ బోరుమ్!" మెదెర్. చేతులకి గ్రీజు కూడా కడుక్కోలేదు. చావింటికి వచ్చే మగవాళ్ళు ఇక్కడ గేటు దగ్గరే అలా మొదలెట్టి ఏడుస్తూ వస్తారు. బోర్ అంటే కాలేయం. బోరుమ్ అంటే నా కాలేయమా, నా అయినవాడా అని. వాడి వెనక ఇంకొకరు, ఇంకొకరు. బోరుమ్, బోరుమ్.

మన భాషలో బోరుమని ఏడ్చాడంటాం. ఎందుకలా అంటామో ఎప్పుడూ ఆలోచించలేదు. రెండు భాషల్లో ఇలా జత కుదిరే మాటలు ఎక్కడ దొరికినా ఏరి జేబులో వేసుకోవడం, నలుగురి ముందు తీసి నవ్వించడం నాకలవాటు. దీన్ని వేసుకోవడానికి జేబు దొరకలేదు. సాగిన్ గుమ్మం బయట, ఇక్కడ చావింటి మగవాళ్ళు నిలబడేట్టు కర్ర మీదకి వంగి నిలబడి తండ్రిని పిలుస్తున్నాడు. నేను వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. మెదెర్ వాకిట్లోకి వచ్చి మమ్మల్నిద్దర్నీ ఒకేసారి వాటేసుకున్నాడు.

నేనూ బోరుమన్నాను.